75 హెచ్‌పీ మోటారు: స్టార్‌లో బాగానే ఎక్కుతోంది, డెల్టా పడగానే అప్పుడప్పుడు ఎంసీసీబీ ట్రిప్

చీమకుర్తి_కటింగ్ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రామతీర్థం రోడ్డులో గ్రానైట్ కటింగ్ యూనిట్. మల్టీ కటర్ మెయిన్ మోటారు రివైండింగ్‌కి వెళ్ళి వచ్చింది. అప్పటి నుంచి ఈ సమస్య. వివరాలు ఇవి:

మోటారు 55 కిలోవాట్, 4 పోల్, 415 వోల్టులు డెల్టా, నేమ్‌ప్లేట్ మీద 96 ఆంప్స్, 1480 ఆర్‌పీఎం. స్టార్ డెల్టా స్టార్టర్ (ముందు స్టార్‌లో చుట్టలకి తక్కువ వోల్టేజితో ఎక్కించి, తర్వాత డెల్టాకి మార్చి పూర్తి వోల్టేజి ఇచ్చేది). ఎంసీసీబీ (కరెంటు హద్దు దాటితే సప్లై తెంచే బ్రేకర్) 160 ఆంప్స్, థర్మల్ మాగ్నెటిక్, మాగ్నెటిక్ డయల్ 6 మీద ఉంది. ఓవర్‌లోడ్ రిలే (మోటారు కాసేపు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) 55 మీద. టైమర్ 9 సెకన్లు. ప్యానెల్ నుంచి మోటారుకి 3 కోర్ 35 స్క్వేర్ అల్యూమినియం కేబుల్ రెండు రన్నులు.

స్టార్‌లో శబ్దం లేదు, వైబ్రేషన్ లేదు. డెల్టా పడేటప్పుడు 'ఢాం' అని ఒక దెబ్బ, బెల్టులు కీచుమంటాయి. మూడు నాలుగు స్టార్టులకి ఒకసారి ఎంసీసీబీ పడిపోతుంది. పడనప్పుడు మాత్రం రోజంతా ఆడుతుంది, మూడు ఫేజుల్లో కరెంటు సమానమే. ఓవర్‌లోడ్ రిలే ఒక్కసారి కూడా ట్రిప్ అవలేదు. ఎక్కడ చూడాలి?

గుండ్లాపల్లి_షిఫ్ట్‌బీ | సోమవారం రాత్రి 9:58

డయల్ 6 అంటే 160కి ఆరు రెట్లు, 960 ఆంప్స్‌కే పడిపోతుంది అన్నా. 10 మీద పెట్టు, 1600 అవుతుంది. పెద్ద మోటార్లకి మా దగ్గర అట్లానే పెడతారు.

ముత్తుకూరు_మెయింటెనెన్స్ | సోమవారం రాత్రి 10:15

డయల్ ఇప్పుడే ముట్టుకోవద్దు. రివైండింగ్‌కి పోకముందు అదే 6 మీద ఆడింది గదా? మరి ఇప్పుడు ఏం మారిందో తెలియకుండా సెట్టింగు పెంచితే ట్రిప్ ఆగుతుందేమో గానీ దెబ్బ ఆగదు. ఆ దెబ్బ షాఫ్టు, కీ, బెల్టులు, చుట్ట చివర్లు అన్నిటి మీదా పడుతుంది.

ముందు వీటికి జవాబు చెప్పండి.

ట్రిప్ అయిన వెంటనే హ్యాండిల్ రీసెట్ అవుతోందా, లేక కాసేపు ఆగాల్సి వస్తోందా? వెంటనే అయితే మాగ్నెటిక్ ట్రిప్, అంటే క్షణంలో ఎగిరిన కరెంటుకి పడింది. ఆగాల్సి వస్తే థర్మల్, అంటే వేడెక్కి పడింది, అప్పుడు కథ వేరే.

టైమర్ స్టార్ డెల్టా టైమరా, మామూలు ఆన్‌ డిలేనా? స్టార్ డెల్టా టైమర్‌లో స్టార్ వదిలాక డెల్టా పట్టే ముందు సుమారు 50 మిల్లీసెకన్ల విరామం ఉంటుంది. మామూలు టైమర్‌లో అది ఉండదు. స్టార్ కాంటాక్టర్‌లో (కాయిల్‌తో పట్టి వదిలే స్విచ్) ఆర్క్ ఆరకముందే డెల్టా పడితే ఫేజుకి ఫేజు షార్టే.

కెపాసిటర్ ఎక్కడ కట్టారు? మోటారు టెర్మినల్స్ దగ్గర ఉంటే తక్షణం తీసేయండి.

బ్లేడ్లు పైకి లేపి స్టార్ట్ చేస్తున్నారా, రాయి మీద ఆనించేనా?

డెల్టా పడే ముందు క్షణంలో టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటర్) ఎంత చూపిస్తోంది?

చీమకుర్తి_కటింగ్ | మంగళవారం ఉదయం 7:20

వెంటనే రీసెట్ అవుతోంది. టైమర్ స్టార్ డెల్టా టైమరే. కెపాసిటర్లు మెయిన్ ప్యానెల్ బస్‌బార్ మీద ఉన్నాయి, మోటారు దగ్గర లేవు. బ్లేడ్లు పైకి లేపే స్టార్ట్ చేస్తాం. స్టార్‌లో మొదట 190 ఆంప్స్, 9వ సెకనుకి 80 దాకా దిగుతుంది, ఇంకా దిగుతూ ఉండగానే డెల్టా పడిపోతుంది.

ఐటీఐ_రెండో_ఏడాది | మంగళవారం ఉదయం 8:05

సార్, చిన్న సందేహం. మోటారు 96 ఆంప్స్ అయితే ఓవర్‌లోడ్ రిలే 55 మీద ఎందుకు? తక్కువ కాదా?

ప్యానెల్‌బోర్డు_ఒంగోలు | మంగళవారం ఉదయం 8:40

రిలే ఎక్కడ కూర్చుందో చూడు తమ్ముడూ. మెయిన్ కాంటాక్టర్ కింద, యూ1 వీ1 డబ్ల్యూ1కి (మూడు చుట్టల మొదలు కొసలు; యూ2 వీ2 డబ్ల్యూ2 చివరి కొసలు) పోయే దారిలో ఉంటే డెల్టాలో ఆ దారిన పోయేది చుట్ట కరెంటు మాత్రమే. అది లైన్ కరెంటులో 0.58 వంతు. 96 × 0.58 = 55.7. కాబట్టి 55 సరైనదే. అదే రిలేని ఎంసీసీబీ కింద, మెయిన్‌కీ డెల్టాకీ దారి చీలకముందు పెడితే 96 మీద పెట్టాలి. చాలా చోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, చుట్ట దారిలో ఉన్న రిలేని నేమ్‌ప్లేట్ చూసి 96కి తిప్పేస్తారు. అప్పుడు ఓవర్‌లోడ్ రక్షణ ఉన్నా లేనట్టే. మోటారు నల్లగా మాడినా రిలే కదలదు.

కాంటాక్టర్ల సైజు లెక్క కూడా ఇదే. మెయిన్, డెల్టా రెండూ 0.58 వంతు మోస్తాయి, కాబట్టి ఏసీ3 (మోటారు లోడుకి ఇచ్చే) రేటింగులో 65 ఆంప్స్‌వి వేయొచ్చు. స్టార్ కాంటాక్టర్ మూడో వంతు, 32 ఆంప్స్ లెక్కకి చాలు గానీ 40 వేస్తే మంచిది.

మిల్లు_ఎలక్ట్రీషియన్_నెల్లూరు | మంగళవారం ఉదయం 9:10

టైమర్ తక్కువైంది. 80 ఆంప్స్ దగ్గర ఇంకా దిగుతోందంటే మోటారు ఇంకా స్పీడ్ అందుకోలేదని అర్థం. టైమర్‌ని గడియారం చూసి కాదు, కరెంటు చూసి పెట్టాలి. ముందు టైమర్ 20 సెకన్లకి తిప్పి, టంగ్ టెస్టర్ తగిలించి స్టార్ట్ చేయండి. ముల్లు దిగి దిగి ఒక చోట నిలబడుతుంది. ఏ సెకనుకి నిలబడిందో దానికి ఒకటి రెండు సెకన్లు కలిపి అక్కడ పెట్టండి. బియ్యం మిల్లులో హల్లర్ మోటార్లకి 6, 7 సెకన్లలో నిలబడుతుంది. మీ బ్లేడ్లు బరువు, ఫ్లైవీల్ కూడా ఉంటుంది కాబట్టి ఎక్కువే పడుతుంది.

మరీ ఎక్కువ పెట్టకూడదు. స్టార్‌లో టార్క్ మూడో వంతే. ఎవరన్నా తెలియక బ్లేడు దింపితే మోటారు ఆగినంత పనై వేడెక్కుతుంది.

రివైండింగ్_కావలి | మంగళవారం ఉదయం 11:30

రివైండింగ్ నుంచి వచ్చాక మొదలైందంటున్నారు కాబట్టి మా వైపు తప్పులు ఎట్లా బయటపడతాయో చెబుతాను. పోల్చి చూసుకోండి.

ఒక చుట్టకి మొదలు, చివర తారుమారైతే స్టార్‌లోనే తెలిసిపోతుంది. మోటారు గుర్రుమని మూలుగుతుంది, స్పీడ్ అందుకోదు, మూడు ఫేజుల కరెంటు మూడు రకాలుగా ఉంటుంది. మీకు అది లేదు.

టర్న్స్ తక్కువ పడితే డెల్టాలో ఖాళీగా తిరిగేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది, బాడీ త్వరగా వేడెక్కుతుంది. మామూలుగా 55 కిలోవాట్ 4 పోల్ మోటారు ఖాళీగా 30, 35 ఆంప్స్ లాగాలి. మీది ఎంతో చూడండి.

చుట్టలో షార్ట్ ఉంటే ఒక ఫేజు ఎక్కువ లాగి, పొగ వాసన వస్తుంది. రోజంతా ఆడుతోందంటే అది కాదు.

500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) బాడీకి కొట్టండి. కొత్తగా వార్నిష్ వేసి కాల్చిన మోటారు చల్లగా ఉన్నప్పుడు వందల మెగోమ్‌లు చూపించాలి. స్లరీ నీళ్ళు తగిలే చోట నెలకోసారి చూసుకుంటూ ఉంటే ఎప్పుడు దిగజారుతోందో ముందే తెలుస్తుంది. 415 వోల్టుల మోటారుకి ఒకటిన్నర మెగోమ్ కంటే దిగితే ఆరబెట్టకుండా సప్లై ఇవ్వకండి.

చీమకుర్తి_కటింగ్ | బుధవారం సాయంత్రం 6:15

టైమర్ మార్చి చూశాం. 11వ సెకనుకి కరెంటు 35 దగ్గర నిలబడింది. టైమర్ 13 మీద పెట్టాం. టాకోమీటరులో 9వ సెకనుకి 1440, 13వ సెకనుకి 1475 చూపించింది. ట్రిప్పులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. దెబ్బ కొంచెం మెత్తబడింది గానీ ఉంది.

డెల్టాలో ఖాళీగా మూడు ఫేజులూ 33, 34, 33. మెగ్గర్ 400 పైన.

ఇంకో విషయం చెప్పడం మరిచాను. మోటారు తిరిగి వచ్చినప్పుడు ఉల్టా తిరిగింది. కాంట్రాక్టు మనిషి ప్యానెల్ ఇన్‌కమింగ్‌లో వై, బీ రెండు ఫేజులు మార్చి సరిచేశాడు.

ప్యానెల్‌బోర్డు_ఒంగోలు | బుధవారం సాయంత్రం 6:32

ఆగండి. ఆ ప్యానెల్‌లో ఎస్‌పీపీ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్) ఉందా? అది రివర్స్ ఫేజుకి కూడా ట్రిప్ ఇచ్చే రకమా?

చీమకుర్తి_కటింగ్ | బుధవారం సాయంత్రం 6:50

ఉంది. సింగిల్ ఫేజింగ్, రివర్స్ ఫేజు రెండిటికీ. కానీ ఫేజులు మార్చాక అది పికప్ అవలేదట. అందుకని అదే రోజు బైపాస్ చేశారు.

ప్యానెల్‌బోర్డు_ఒంగోలు | బుధవారం రాత్రి 8:45

మీ సమస్య అక్కడే ఉంది. ఎస్‌పీపీ చెడిపోలేదు. సీక్వెన్స్ (ఫేజులు వచ్చే వరస) తిరగబడిందని అది చెప్పింది, దాని నోరు మూశారు.

మోటారుని నేరుగా పూర్తి వోల్టేజి మీద వేసే మామూలు డీఓఎల్ స్టార్టర్‌లో ఏ రెండు ఫేజులు ఎక్కడ మార్చినా తేడా లేదు, దిశ మారుతుంది, అంతే. స్టార్ డెల్టాలో అట్లా కాదు. ఇక్కడ దిశతో పాటు స్టార్ నుంచి డెల్టాకి మారేటప్పుడు చుట్ట మీద వోల్టేజి ముందుకి జరుగుతుందా, వెనక్కి జరుగుతుందా అనేది కూడా మారిపోతుంది.

సప్లై ఆర్ వై బీ సీక్వెన్స్‌లో ఉన్నప్పుడు సరైన కనెక్షన్ ఇది:

ఆర్ ఫేజు: యూ1, వీ2
వై ఫేజు: వీ1, డబ్ల్యూ2
బీ ఫేజు: డబ్ల్యూ1, యూ2

యూ చుట్ట సంగతి చూడండి. స్టార్‌లో దాని మీద ఆర్ నుంచి న్యూట్రల్ పాయింటుకి ఉండే వోల్టేజి, సుమారు 240. డెల్టాలో దాని రెండో కొస బీ ఫేజుకి పోయింది కాబట్టి దాని మీద ఆర్, బీల మధ్య వోల్టేజి, 415. ఈ కొత్త వోల్టేజి పాతదాని కంటే 30 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. మనకి కావాల్సింది ఇదే. ఎందుకంటే స్టార్ వదిలేశాక ఆ 50 మిల్లీసెకన్లలో మోటారు సప్లై లేకుండా తిరుగుతూ ఉంటుంది. రోటరులో ఇంకా అయస్కాంతం మిగిలి ఉంటుంది కాబట్టి మోటారు తనంతట తానే వోల్టేజి పుట్టిస్తూ ఉంటుంది. స్పీడ్ సింక్రనస్ (సప్లైకి సరిసమానమైన 1500 ఆర్‌పీఎం) కంటే తక్కువ కాబట్టి ఆ వోల్టేజి సప్లై కంటే మెల్లగా వెనకబడుతూ పోతుంది. డెల్టా పడేసరికి అదీ వెనక, ఇదీ వెనక. రెండూ దగ్గరదగ్గరగా కలుసుకుంటాయి.

ఇప్పుడు ఇన్‌కమింగ్‌లో వై, బీ మార్చారు. యూ చుట్ట రెండో కొసకి బీ బదులు వై వచ్చింది. ఆర్, వైల మధ్య వోల్టేజి 30 డిగ్రీలు ముందుంటుంది. మోటారు వోల్టేజి వెనక్కి పోతోంది, సప్లై ముందుకి దూకింది. మధ్యలో దూరం పెరిగిపోయింది. ఆ తేడాయే మీకు 'ఢాం' అని వినిపించేది.

ఐటీఐ_రెండో_ఏడాది | బుధవారం రాత్రి 9:20

సార్, మరి అన్నిసార్లూ ఎందుకు ట్రిప్ అవదు? కనెక్షన్ ఎప్పుడూ అదే గదా.

ప్యానెల్‌బోర్డు_ఒంగోలు | బుధవారం రాత్రి 10:05

మంచి ప్రశ్న. ఆయన ఇచ్చిన టాకో రీడింగుతో లెక్క కట్టి చూపిస్తాను.

1440 ఆర్‌పీఎం దగ్గర స్లిప్, అంటే 1500 కంటే వెనకబాటు, 4 శాతం. 50 హెర్ట్జ్‌లో 4 శాతం అంటే సెకనుకి 2 సైకిళ్ళు వెనకబడుతోంది. 50 మిల్లీసెకన్లలో పదో వంతు సైకిల్, అంటే 36 డిగ్రీలు. సరైన కనెక్షన్ అయితే డెల్టా 30 వెనక ఉంది కాబట్టి తేడా 6 డిగ్రీలే. తిరగబడిన కనెక్షన్‌లో 36కి 30 కలిపి 66 డిగ్రీలు.

1475 దగ్గర స్లిప్ 1.67 శాతం. అదే విరామంలో 15 డిగ్రీలు వెనకబడుతుంది. సరైన కనెక్షన్‌లో తేడా 15, తిరగబడినదాంట్లో 45.

మిగిలిన వోల్టేజి ఇంకా తగ్గలేదనుకుని 240, 415 మధ్య తేడా వోల్టేజి గీసి చూస్తే, 66 డిగ్రీలకి సుమారు 385 వోల్టులు, 45కి సుమారు 300, 15కి సుమారు 190 వస్తాయి. కరెంటు ఎగిరేది ఈ తేడా వోల్టేజిని బట్టే. టైమర్ పెంచితే ట్రిప్పులు తగ్గాయన్నారు, పూర్తిగా పోలేదన్నారు. లెక్క సరిగ్గా అదే చెబుతోంది.

ఇక అప్పుడప్పుడు మాత్రమే ఎందుకంటే, విరామం ప్రతిసారీ 50 దగ్గరే ఆగదు. కాంటాక్టర్ వదలడానికి, పట్టడానికి పట్టే సమయం కాయిల్ వోల్టేజిని బట్టి, వేడిని బట్టి కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతుంది. పైగా ఏసీ వేవ్‌లో ఏ చోట డెల్టా పట్టిందనే దాన్ని బట్టి మొదటి అర సైకిల్ ఎత్తు మారుతుంది. కొన్నిసార్లు 960 దాటుతుంది, కొన్నిసార్లు దాని కిందే ఉండిపోతుంది. మామూలు టంగ్ టెస్టర్‌లో ఈ ఎత్తు కనిపించదు, అది చూపించేలోపు అయిపోతుంది.

గుండ్లాపల్లి_షిఫ్ట్‌బీ | బుధవారం రాత్రి 10:30

సరే, అయితే ఇన్‌కమింగ్ మళ్ళీ పాతట్టు పెట్టి, మోటారు టెర్మినల్ బాక్స్‌లో వీ1, డబ్ల్యూ1 లగ్గులు (కేబుల్ కొసకి బిగించే లోహపు ముక్కలు) రెండూ మార్చేస్తే దిశ సరిపోతుంది గదా?

రివైండింగ్_కావలి | బుధవారం రాత్రి 10:41

ఆ ఒక్కటీ చేయొద్దు అన్నా! మొదలు కొసలు మాత్రమే మార్చి చివరి కొసలు వదిలేస్తే డెల్టాలో ఒక చుట్టకి రెండు కొసలూ ఒకే ఫేజుకి వస్తాయి. పైన ఇచ్చిన పట్టీలో వేసి చూడండి. వీ1, డబ్ల్యూ1 మారిస్తే డబ్ల్యూ1 వైకి పోతుంది, డబ్ల్యూ2 కూడా వైలోనే ఉంది. ఆ చుట్టకి వోల్టేజి సున్నా. స్టార్‌లో మామూలుగా తిరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డెల్టా పడగానే గర్రున అరిచి ప్రతిసారీ ట్రిప్ అవుతుంది. ఆ ట్రిప్ రాలేదంటే చుట్ట కాలుతుంది. రివైండింగ్‌కి తిరిగి వచ్చే మోటార్లలో ఈ కారణంతో వచ్చేవి తక్కువేం కాదు.

రెండు కొసలూ కలిపి మార్చాలి. వీ1 చోట డబ్ల్యూ1, వీ2 చోట డబ్ల్యూ2. అప్పుడు దిశ మారుతుంది, 30 డిగ్రీలు వెనకే ఉంటుంది.

ముత్తుకూరు_మెయింటెనెన్స్ | గురువారం ఉదయం 6:30

పని చేసే ముందు ఒక హెచ్చరిక. స్టార్ డెల్టాలో స్టాప్ బటన్ నొక్కినంత మాత్రాన మోటారు టెర్మినల్స్ చచ్చినట్టు కాదు. డెల్టా కాంటాక్టర్ నేరుగా ఇన్‌కమింగ్ నుంచే సప్లై తీసుకుంటుంది. ఇన్ని దెబ్బలు తిన్న డెల్టా కాంటాక్టర్ టిప్పులు (లోపల ఒకదానికొకటి తగిలే బిళ్ళలు) అతుక్కుని ఉంటే, మెయిన్ వదిలేసినా యూ2 వీ2 డబ్ల్యూ2 మీద 415 ఉంటుంది. మోటారు తిరగదు, చెయ్యి పెడితే మాత్రం ప్రాణం పోతుంది.

ఎంసీసీబీ ఆఫ్ చేసి తాళం వేయండి, తాళంచెవి పని చేసే మనిషి జేబులోనే ఉండాలి. ట్యాగు తగిలించండి. టెస్టరు ముందు వేరే లైవ్ పాయింటు మీద పెట్టి పని చేస్తోందని చూసుకోండి. తర్వాత మోటారు ఆరు టెర్మినల్స్‌నీ ఒక్కొక్కటి ఎర్త్‌కి, ఒకదానికొకటి చూడండి. మళ్ళీ లైవ్ పాయింటు మీద టెస్టరు చూడండి. బ్లేడ్లకి ఆసరా కట్టండి.

తర్వాత పని వరస. ఇన్‌కమింగ్‌లో వై, బీ పాత చోట్లకి. మోటారు బాక్స్‌లో నాలుగు లగ్గులు: వీ1తో డబ్ల్యూ1, వీ2తో డబ్ల్యూ2. అల్యూమినియం కేబుల్ కాబట్టి ఇత్తడి స్టడ్ మీద బైమెటల్ లగ్గులు ఉన్నాయో లేదో చూడండి. మామూలు అల్యూమినియం లగ్గులుంటే ఈ పనిలోనే మార్చేయండి. వాషర్ వరస తప్పొద్దు: లగ్గు, ప్లెయిన్ వాషర్, స్ప్రింగ్ వాషర్, నట్టు. ప్లెయిన్ వాషర్ లగ్గు కింద పెడితే కరెంటంతా వాషర్ గుండా పోయి నల్లబడుతుంది.

మూత పెట్టకముందు మోటారు బాడీకి రెండు వేరు వేరు ఎర్త్ తీగలు ఉన్నాయో లేదో చూడండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు అడిగేది అదే. స్లరీలో ఒక తీగ కుళ్ళి తెగినా రెండోది కాపాడుతుంది.

సప్లై ఇచ్చాక స్టార్ట్ చేసే ముందు మెయిన్ కాంటాక్టర్ పై టెర్మినల్స్ దగ్గర ఫేజు సీక్వెన్స్ మీటర్ పెట్టండి, సవ్య దిశ చూపించాలి. ఎస్‌పీపీ బైపాస్ తీసేస్తే దానంతట అదే పికప్ అవాలి. అవకపోతే ఇంకా ఎక్కడో తప్పుంది, స్టార్ట్ నొక్కకండి. మొదటి స్టార్ట్ బెల్టులు తీసి ఇవ్వండి. దిశ తప్పితే బ్లేడు నట్లు వదులవుతాయి.

చీమకుర్తి_కటింగ్ | శుక్రవారం రాత్రి 8:10

చెప్పిన వరసలోనే చేశాం. సీక్వెన్స్ మీటర్ మొదట మెయిన్ కాంటాక్టర్ దగ్గర అపసవ్యమే చూపించింది. ఇన్‌కమింగ్ సరిచేశాక సవ్యం. ఎస్‌పీపీ వెంటనే పికప్ అయింది. డెల్టా కాంటాక్టర్ ఒక పోల్‌లో టిప్పు గడ్డకట్టి ఉంది, వేలితో నొక్కితే ఆలస్యంగా వదిలింది. సెట్టు మార్చాం. దిశ సరిగ్గా వచ్చింది.

ఇప్పుడు డెల్టా ఎప్పుడు పడిందో చప్పుడు బట్టి తెలియడం లేదు, కాంటాక్టర్ టక్కుమంటుంది అంతే. బెల్టు కీచు లేదు. రెండు షిఫ్టుల్లోనూ ట్రిప్ లేదు. డయల్ ఇంకా 6 మీదే ఉంది. దాన్ని ఏం చేయాలి? పాత టిప్పులు ఆకురాయితో రుద్ది స్పేరుగా ఉంచుకోవచ్చా?

ప్యానెల్‌బోర్డు_ఒంగోలు | శుక్రవారం రాత్రి 8:35

టిప్పులు రుద్దవద్దు. పైన ఉన్నది వెండి మిశ్రమం పొర, రుద్దితే అదే పోతుంది. కింద రాగి తేలితే మొదటి వారంలోనే మళ్ళీ అతుక్కుంటుంది. నల్లగా కనిపించడం తప్పు కాదు. గడ్డలు, గుంటలు పడి సగం పొర పోతే మూడు పోల్సూ కలిపి మార్చాలి, ఒక్కటే మార్చకూడదు.

డయల్ గురించి ఇప్పుడు మాట్లాడవచ్చు. ఈ మోటారు నేరుగా స్టార్ట్ అయితే సుమారు 600 ఆంప్స్. మొదటి అర సైకిల్ ఎగుడు కలుపుకుంటే 1000 దాటవచ్చు. సరైన కనెక్షన్‌తో కూడా ఎప్పుడో ఒకసారి 960 తాకే అవకాశం ఉంది, ముఖ్యంగా స్టార్‌లో ఉండగా ఎవరన్నా బ్లేడు దింపితే. 8 మీద, అంటే 1280 దగ్గర పెట్టండి. 10 అవసరం లేదు. ఇంకో మాట: డయల్ పెంచే ముందు ఎర్త్ లూప్ (బాడీకి తగిలిన ఫేజు కరెంటు ఎర్త్ గుండా తిరిగిపోయే దారి అడ్డు) కొలవండి. బాడీకి ఫేజు తగిలినప్పుడు పారే కరెంటు 1280 కంటే బాగా ఎక్కువ ఉండాలి, లేకపోతే ఎంసీసీబీ వెంటనే పడదు, బాడీ లైవ్‌గా ఉండిపోతుంది. గ్రానైట్ నేలలో ఎర్త్ పిట్ నమ్ముకుని లాభం లేదు, ప్యానెల్ దాకా ఎర్త్ స్ట్రిప్పు తెగకుండా ఉండాలి.

మిల్లు_ఎలక్ట్రీషియన్_నెల్లూరు | శుక్రవారం రాత్రి 9:00

దీంట్లోనే ఇంకో సంగతి. లైన్ పనో, ట్రాన్స్‌ఫార్మర్ మార్పో జరిగాక డిస్కం వైపు నుంచే సీక్వెన్స్ తిరగబడి రావచ్చు. అప్పుడు మిల్లులో మోటార్లన్నీ ఉల్టా తిరుగుతాయి. అట్లాంటప్పుడు ఒక్కో మోటారు దగ్గర మార్చకూడదు, మెయిన్ ఇన్‌కమింగ్‌లోనే రెండు ఫేజులు మార్చాలి. అప్పుడు లోపల అన్ని స్టార్టర్లకీ పాత సీక్వెన్సే వస్తుంది. ఒక్క మోటారే ఉల్టా తిరిగితే మోటారు దగ్గర, అన్నీ తిరిగితే మెయిన్ దగ్గర.

రొయ్యల_ప్లాంటు | శుక్రవారం రాత్రి 9:25

కెపాసిటర్ మాట పైన వచ్చి ఆగిపోయింది, పూర్తి చేస్తాను. స్టార్ డెల్టా మోటారు టెర్మినల్స్ మీద కెపాసిటర్ ఉంటే ఆ విరామంలో మోటారు దాన్నుంచి మాగ్నెటైజింగ్ కరెంటు తీసుకుని తన వోల్టేజిని నిలబెట్టుకుంటుంది, ఒక్కోసారి పెంచుకుంటుంది. తగ్గాల్సిన వోల్టేజి తగ్గదు. అప్పుడు కనెక్షన్ సరిగ్గా ఉన్నా దెబ్బ పడుతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి. బస్‌బార్ మీద ఏపీఎఫ్‌సీతో (పవర్ ఫ్యాక్టర్ చూసి కెపాసిటర్లని తనంతట తానే వేసి తీసే ప్యానెల్) పెట్టడమే మేలు. విడిగా ఇవ్వాలంటే దానికి సొంత కాంటాక్టర్ పెట్టి డెల్టా పడ్డాక వేయాలి.

మా దగ్గర అమ్మోనియా కంప్రెసర్ గదుల్లో రాగి, ఇత్తడి లగ్గులు పచ్చబడి తినేస్తాయి. తగరం పూత ఉన్న లగ్గులే వాడండి, కంట్రోల్ ప్యానెల్‌ని ఆ గది బయట పెట్టండి. కాంటాక్టర్ ఆలస్యంగా వదలడానికి అక్కడ సగం కారణం తుప్పే.

చీమకుర్తి_కటింగ్ | శనివారం ఉదయం 7:05

డయల్ 8 చేసే ముందు ఎర్త్ లూప్ కొలిపిస్తాను. మిగిలిన రెండు కటర్ల ప్యానెల్స్‌లో కూడా సీక్వెన్స్ మీటర్ పెట్టి చూడాలనుకుంటున్నాం. మోటారు మళ్ళీ రివైండింగ్‌కి పోతే ఇదే గొడవ రాకుండా ఏం చేయాలి?

రివైండింగ్_కావలి | శనివారం ఉదయం 7:50

విప్పే ముందు ఆరు కేబుల్ కోర్లకీ ఫెర్రూల్స్ (పేరు ఉన్న గుర్తు రింగులు) వేయండి: యూ1, యూ2, వీ1, వీ2, డబ్ల్యూ1, డబ్ల్యూ2. టేపు మీద పెన్నుతో రాస్తే స్లరీకి చెరిగిపోతుంది, గుచ్చే ప్లాస్టిక్ ఫెర్రూల్స్ వాడండి. ఇప్పుడు వీ, డబ్ల్యూ లగ్గులు మార్చారు కాబట్టి కేబుల్ మీది ఫెర్రూల్‌కీ మోటారు బాక్స్ అక్షరానికీ పొంతన ఉండదు. ఏ కేబుల్ ఏ టెర్మినల్ మీద ఉందో ఒక అల్యూమినియం రేకు మీద పంచ్ కొట్టించి బాక్స్ మూత లోపల రివెట్ చేయండి. రివైండింగ్‌కి పంపేటప్పుడు షాఫ్టు వైపు నుంచి చూస్తే ఏ దిశ తిరగాలో బాడీ మీద బాణం గీసి, షాపులోనే ఆర్ వై బీ సీక్వెన్స్ మీద తిప్పి చూపించమని అడగండి. వచ్చాక కూడా ఉల్టా తిరిగితే ఇన్‌కమింగ్ జోలికి పోకుండా మోటారు బాక్స్‌లోనే ఒక జత, రెండు కొసలూ మార్చండి.

గుండ్లాపల్లి_షిఫ్ట్‌బీ | శనివారం ఉదయం 8:15

మా దగ్గర రెండు 50 హెచ్‌పీ ప్యానెల్స్‌లో ఎస్‌పీపీ బైపాస్‌లో ఉంది. ఈ రోజు షట్‌డౌన్‌లో సీక్వెన్స్ మీటర్ పెట్టి రీడింగులు ఇక్కడే వేస్తాను.